అలీ × టైసన్, మార్సియానో × ఫ్యూరీ: కాలాలు దాటిన హెవీవెయిట్ బాక్సింగ్ పోటీలు తేల్చేదెలా?

నీలిమూల:
ఈ చర్చ ఎప్పుడు మొదలైనా "మావాడే గొప్ప" దగ్గరికొచ్చి ఆగిపోతోంది. ఈసారి షరతులు ముందే పెట్టుకుందాం. ఉత్తి "అలీ" అంటే కుదరదు, ఏ రాత్రి అలీయో చెప్పాలి. 1966 నవంబర్ 14న హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ని మూడో రౌండ్‌లో ముగించిన అలీ వేరు, 1975 అక్టోబర్ 1న మనీలాలో తాళ్లకు ఆనుకుని దెబ్బలు కాచుకున్న అలీ వేరు. 1967 మార్చి తర్వాత 1970 అక్టోబర్ దాకా ఆయన్ను బరిలోకే దిగనివ్వలేదు. తిరిగొచ్చేసరికి చేతులు బాగానే ఉన్నాయి, కాళ్లలో ఆ పాత వేగం లేదు.

టైసన్ సంగతీ అంతే. 1988 జూన్ 27న మైకేల్ స్పింక్స్‌ని 91 సెకన్లలో పడగొట్టినవాడికీ, 1990 ఫిబ్రవరి 11న టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో పదో రౌండ్‌లో కూలినవాడికీ మధ్య ఇరవై నెలలే తేడా. ఆ మధ్యలో ట్రైనర్ కెవిన్ రూనీ దూరమయ్యాడు, తల కదలిక తగ్గింది, వరస పంచ్‌లు పోయి ఒక్కో పెద్ద పంచ్ మీద ఆధారపడటం మొదలైంది.

కాబట్టి మొదటి జోడీ ఇది. 1966 నవంబర్ అలీ: 6 అడుగుల 3 అంగుళాలు, రీచ్ (చేతులు రెండువైపులా చాచినప్పుడు ఈ కొన నుంచి ఆ కొన దాకా కొలత) 78 అంగుళాలు, బరువు సుమారు 212 పౌండ్లు. 1988 జూన్ టైసన్: 5 అడుగుల 10 అంగుళాలు, రీచ్ 71, సుమారు 218 పౌండ్లు. మొదటి నాలుగు రౌండ్లలో టైసన్‌కి నిజంగానే అవకాశం ఉందని నా అభిప్రాయం. అలీ రికార్డులో తాను కిందపడ్డ నాక్‌డౌన్లు నాలుగున్నాయి, పడగొట్టినవాళ్లు: 1962లో సోనీ బ్యాంక్స్, 1963లో హెన్రీ కూపర్, 1971లో జో ఫ్రేజియర్, 1975లో చక్ వెప్నర్. మొదటి మూడూ లెఫ్ట్ హుక్ తగిలి పడినవే. చేతులు నడుం దగ్గర పెట్టి తలను నేరుగా వెనక్కి లాగడం ఆయన అలవాటు. జాబ్‌కి (ముందు చేత్తో నేరుగా వేసే పంచ్) అది సరిపోతుంది, ఎందుకంటే జాబ్ ముక్కు ముందు దాకా వచ్చి ఆగుతుంది. హుక్ పక్కనుంచి చుట్టుకుని వస్తుంది, పైగా వేసేవాడు అడుగు ముందుకేసి మరీ వేస్తాడు. టైసన్‌కున్నది సరిగ్గా ఆ హుక్కే.

ఎడమజాబ్:
నీలిమూల గారూ, హుక్ వేయాలంటే ముందు ఆ దూరం లోపలికి రావాలి కదా. 1966 అలీ ఒకచోట నిలబడడు. జాబ్ వేసి ఎడమవైపు జారతాడు, ఎదుటివాడు తిరిగేసరికి మళ్లీ జాబ్. అయినా మీరు చెప్పిన ప్రమాదం లేదనను, టైసన్ కనీసం రెండు మూడు సార్లు లోపలికొస్తాడు. వచ్చాక ఏం జరుగుతుందన్నదే అసలు ప్రశ్న.

అలీ ఎడమచేత్తో మెడ వెనక పట్టి కిందికి లాగుతాడు. క్లించ్‌లో (ఒకరినొకరు పట్టుకున్నప్పుడు) టైసన్‌కున్న పెద్ద లోపం చేతులు విడిపించుకోకపోవడం. రిఫరీ వచ్చి విడదీసేదాకా ఆగిపోతాడు. 1987 మార్చి 7న బోన్‌క్రషర్ స్మిత్‌తో పోటీ చూడండి. స్మిత్ పన్నెండు రౌండ్లూ పట్టుకునే గడిపాడు. రిఫరీ మిల్స్ లేన్ రెండు పాయింట్లు కోశాడు, అయినా వదల్లేదు. గెలుపు టైసన్‌దే, కానీ నాకౌట్ రాలేదు. 1986లో జేమ్స్ టిల్లిస్ పక్కకు కదులుతూ పది రౌండ్లు నిలిచాడు, అదే ఏడాది మిచ్ గ్రీన్ కూడా పది రౌండ్లు నిలబడ్డాడు. ఈ ముగ్గురిలో ఒక్కడికీ అలీ జాబ్ లేదు.

జాబ్ ఉన్నవాడు ఏం చేశాడో డగ్లస్ చూపించాడు. 83 అంగుళాల రీచ్, అంటే టైసన్ కంటే 12 ఎక్కువ. జాబ్, ఆ వెంటనే రైట్ (కుడిచేతి పంచ్), దగ్గరికి రాగానే పట్టుకోవడం, విడదీయగానే మళ్లీ జాబ్. ఎనిమిదో రౌండ్‌లో అప్పర్‌కట్ (కింద నుంచి పైకి వేసే పంచ్) తిని పడ్డాడు, లేచి మళ్లీ అదే పని చేశాడు.

పాతరీళ్లు:
డగ్లస్ పోటీని సాక్ష్యంగా తెస్తే అది 1990 టైసన్ మీద సాక్ష్యం. మనం పెట్టుకున్న తేదీ 1988. ఆ టైసన్ ఖాళీగా దగ్గరికి రాడు, తల కుడికి వంచి ఎడమకు తెచ్చి, ఆ ఊపులోనే పంచ్ వేస్తాడు. కుడిచేత్తో పక్కటెముకల మీద ఒకటి, మోచేయి కిందికి దిగగానే అదే చేత్తో అప్పర్‌కట్. స్మిత్‌లా పట్టుకోవాలన్నా ఆ రెండింటినీ దాటి పట్టుకోవాలి.

పదిహేనోరౌండ్:
మీ ముగ్గురూ బాక్సర్ల గురించే మాట్లాడుతున్నారు. రింగ్‌లో మూడో మనిషి కూడా ఉంటాడు.

మనీలాలో రిఫరీ కార్లోస్ పడిల్లా. అలీ మెడ పట్టినప్పుడల్లా చెయ్యి తీయించాడు. ఫలితం: మధ్య రౌండ్లలో ఫ్రేజియర్ అలీ శరీరం మీద తోచినట్టు పని చేసుకోగలిగాడు. 1974 జనవరిలో అదే ఫ్రేజియర్‌తో జరిగిన రెండో పోటీలో రిఫరీ టోనీ పెరెజ్ దాన్ని చాలావరకు పోనిచ్చాడు. అలీ కొట్టడం, పట్టడం, కొట్టడం, పట్టడం చేస్తూ పన్నెండు రౌండ్ల పోటీని పాయింట్ల మీద గెలిచాడు. మనుషులు మారలేదు, రిఫరీ మారాడు. ఇంకాస్త దగ్గరి ఉదాహరణ కావాలంటే 2013 అక్టోబర్‌లో వ్లాదిమిర్ క్లిచ్కో, పొవెట్కిన్ మీద బరువు వేసి వాలిపోతూనే ఉన్నాడు. పాయింట్ పోయింది పదకొండో రౌండ్‌లో ఒక్కటే.

అందుకే నా జవాబు రెండు ముక్కల్లో: పెరెజ్ లాంటి రిఫరీ అయితే అలీ పాయింట్ల మీద తేలిగ్గా గెలుస్తాడు. పడిల్లా లాంటివాడైతే మొదటి ఐదు రౌండ్లు అలీకి నరకం.

రింగ్ కొలత కూడా రాయండి. 20 అడుగుల రింగ్‌లో 400 చదరపు అడుగుల చోటు ఉంటుంది. 18 అడుగులదైతే 324 మాత్రమే, దాదాపు అయిదో వంతు పోయినట్టు. కాళ్ల మీద బతికేవాడికి ఆ రెండడుగులు చాలా పెద్ద తేడా. కాన్వాస్ కింద ప్యాడింగ్ మెత్తగా ఉంటే ఇంకా కష్టం, ప్రతి అడుగుకీ పిక్కలు అదనంగా పనిచేయాలి, ఆరో రౌండ్‌కి కాళ్లు బరువెక్కుతాయి.

నీలిమూల:
బాగుంది. అయితే 20 అడుగుల రింగ్, 10 ఔన్సుల గ్లవ్స్, పడిల్లా తరహా రిఫరీ, 15 రౌండ్లు అనుకుందాం. గ్లవ్స్ 10 ఔన్సులు ఎందుకంటే ఇప్పటి హెవీవెయిట్ ప్రమాణం అదే. అలీ, ఫ్రేజియర్ల కాలంలో 8 ఔన్సులతో ఆడేవారు. ప్యాడింగ్ తగ్గితే కోతలు ఎక్కువ, గార్డు సందుల్లోంచి పంచ్ దూరడమూ తేలికే.

సౌత్‌పా:
15 రౌండ్లంటే ఊరికే మూడు కలపడం కాదు. చరిత్రలో వెనక్కి వెళ్లి 12 దగ్గర గంట కొట్టి చూడండి.

1941 జూన్ 18, జో లూయిస్, బిల్లీ కాన్. 12 రౌండ్లయ్యేసరికి రెండు పాయింట్ల కార్డుల్లో కాన్ ముందున్నాడు, మూడోది సమం. పదమూడో రౌండ్‌లో నాకౌట్ కోసం ఎదురెళ్లి తానే నాకౌటయ్యాడు. 1952 సెప్టెంబర్ 23, ఫిలడెల్ఫియా: మూడు కార్డుల్లోనూ వెనకబడి ఉన్న మార్సియానో పదమూడో రౌండ్‌లో ఒక్క రైట్‌తో జెర్సీ జో వాల్కాట్‌ని పడగొట్టాడు. 1978లో హోమ్స్, నార్టన్ పోటీ 143-142 లెక్కన చీలిన తీర్పుతో తేలింది. పదిహేనో రౌండ్ హోమ్స్‌ది కాకపోతే బెల్ట్ రాదు. 1980 మార్చి 31న మైక్ వీవర్ పదిహేనో రౌండ్ ఆఖరి నిమిషంలో జాన్ టేట్‌ని పడగొట్టి టైటిల్ తీసుకున్నాడు.

12 రౌండ్లే అయితే మార్సియానో 49-0 (49 గెలుపులు, ఒక్క ఓటమీ లేదు) అన్న రికార్డు లేదు. అయితే 12 అని ముందే తెలిస్తే వాళ్లు వేగం వేరేగా పెంచుకునేవాళ్లేమో, అదీ లెక్కలోకి తీసుకోవాలి. 1982 నవంబర్‌లో బాక్సర్ దుక్ కూ కిమ్ పోటీలో దెబ్బలు తిని చనిపోయాక డబ్ల్యూబీసీ (ప్రపంచ టైటిళ్లిచ్చే సంస్థల్లో ఒకటి) 12కి తగ్గించింది, మిగతా సంస్థలు ఆ దశాబ్దం చివరికల్లా అదే దారి పట్టాయి. ఆ తర్వాత పెరిగినవాళ్లని 15 రౌండ్లలోకి లాగితే వాళ్ల ఊపిరి ఎంతవరకు నిలుస్తుందో ఊహే తప్ప రుజువు లేదు. లెనాక్స్ లూయిస్ 2003 జూన్‌లో విటాలీ క్లిచ్కోతో 256 పౌండ్ల బరువుతో దిగి ఆరో రౌండ్‌కే నోరు తెరిచి ఊపిరి తీసుకున్నాడు.

గంటమోగింది:
మార్సియానో పేరు వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. ఈనాటి పెద్దవాళ్లతో నిలబడగలడా? ఎప్పుడు అడిగినా ఒకరు "49-0" అంటారు, ఇంకొకరు "క్రూజర్‌వెయిట్" (హెవీవెయిట్ కంటే కింది తరగతి) అంటారు, చర్చ అక్కడితో సరి.

ఎడమజాబ్:
కొలతలతో మొదలుపెడదాం. 5 అడుగుల పదిన్నర అంగుళాలు, రీచ్ 68 అంగుళాలు, పోటీ బరువు దాదాపు 184 నుంచి 188 పౌండ్ల మధ్య. ఈనాటి క్రూజర్‌వెయిట్ పరిమితి 200. 2020 ఫిబ్రవరిలో వైల్డర్‌ని ఏడో రౌండ్‌లో ముగించిన టైసన్ ఫ్యూరీ 273 పౌండ్లు, 6 అడుగుల 9, రీచ్ 85. మధ్యలో 85 పౌండ్ల బరువు, 17 అంగుళాల రీచ్.

ఇక్కడ అందరూ పంచ్ బలం గురించి వాదిస్తారు. నాకు క్లించే ముఖ్యం అనిపిస్తుంది. మార్సియానో వంగి, కింద నుంచి పైకి వస్తాడు. ఫ్యూరీ చేసేది ముంజేతిని మెడ మీద వేసి తన బరువంతా వదలడం. ఒక్కో క్లించ్ నాలుగైదు సెకన్లు, రౌండ్‌కి ఎనిమిది పది సార్లు. 85 పౌండ్లు అదనంగా ఉన్నవాడిని మెడతో, నడుంతో మోయాలి. నాలుగో రౌండ్‌కల్లా తొడలు పోతాయి. తొడలు పోతే ఆ రైట్‌కి బలం ఎక్కడినుంచి వస్తుంది?

ఆయన పట్టుదల మీద నాకు అపారమైన గౌరవం ఉంది. 1954 సెప్టెంబర్‌లో ఎజార్డ్ ఛార్లెస్‌తో రెండో పోటీలో ముక్కు చీలి రక్తం కారుతుంటే ఎనిమిదో రౌండ్‌లో నాకౌట్ చేశాడు. ఈ రోజుల్లో అదే కోత పడితే డాక్టర్ ఎక్కి పోటీ ఆపే అవకాశం చాలా ఎక్కువ. విటాలీ 58-56తో మూడు కార్డుల్లోనూ ముందుండి కూడా కంటి కోత వల్లే లెనాక్స్ లూయిస్‌తో ఓడాడు. పంచ్ వల్ల తెగిన కోత కాబట్టి కార్డులతో పనిలేదు, ఓటమే.

పాతరీళ్లు:
చిన్నవాడు పెద్దవాణ్ని కొట్టలేడన్న వాదన నాకు ఒప్పుదల కాదు. 1919 జూలై 4న టొలెడోలో 187 పౌండ్ల డెంప్సీ, 245 పౌండ్ల విల్లార్డ్‌ని మొదటి రౌండ్‌లోనే ఏడుసార్లు పడగొట్టాడు. జో లూయిస్ 1935లో 260 పౌండ్ల కార్నెరాని ఆరో రౌండ్‌లో ముగించాడు.

పదిహేనోరౌండ్:
ఆ రెండూ బలహీన సాక్ష్యాలు, పాతరీళ్లు గారూ. విల్లార్డ్‌కి అప్పటికి 37 ఏళ్లు, 1916 తర్వాత టైటిల్ పోటీకే దిగలేదు. కార్నెరా పెద్దవాడే, కాళ్లు కదలవు. ఇంకో సంగతి: టొలెడోలో డెంప్సీ పడిన మనిషి పక్కనే నిలబడి, లేవగానే మళ్లీ కొట్టాడు. పడగొట్టినవాడు తటస్థ మూలకు వెళ్లాలన్న నిబంధన అప్పటికి అమల్లో లేదు. 1927 సెప్టెంబర్ 22న చికాగోలో ఆ నిబంధన ఉంది. ఏడో రౌండ్‌లో టన్నీని పడగొట్టి డెంప్సీ పాత అలవాటుగా అక్కడే నిలబడ్డాడు, రిఫరీ పది అంకెల లెక్క ఆలస్యంగా మొదలైంది, టన్నీకి పదికి పైన నాలుగు సెకన్లు కలిసొచ్చాయి. లేచాడు, గెలిచాడు. డెంప్సీని ఈ కాలానికి తెస్తే అతని ఆయుధాల్లో ఒకటి తీసేసి తెచ్చినట్టే.

చిన్నవాడి పక్షాన అసలైన సాక్ష్యం ఉసిక్. 2024 మే 18న రియాద్‌లో 223.5 పౌండ్లతో దిగి 262 పౌండ్ల ఫ్యూరీని ఓడించాడు. తొమ్మిదో రౌండ్‌లో ఫ్యూరీ తాళ్ల మీద ఆధారపడి నిలబడ్డాడని రిఫరీ మార్క్ నెల్సన్ లెక్కపెట్టాడు. డిసెంబర్ 21న మళ్లీ గెలిచాడు, మూడు కార్డులూ 116-112.

సౌత్‌పా:
దాన్ని మార్సియానోకి అన్వయించే ముందు ఉసిక్ ఎలా గెలిచాడో చూడాలి. అతను 6 అడుగుల 3, రీచ్ 78. అంటే బరువు తేడా పెద్దదైనా మార్సియానోకున్న 17 అంగుళాల లోటు అతనికి లేదు, 7 మాత్రమే. సౌత్‌పా (ఎడమచేతి వాటం) కాబట్టి ముందున్న కుడి పాదాన్ని ఫ్యూరీ ఎడమ పాదానికి బయట పెడతాడు. అక్కడినుంచి ఎడమచెయ్యి నేరుగా వెళ్తుంది, ఫ్యూరీ రైట్‌కి మాత్రం దారి మూసుకుపోతుంది. వేశాక అక్కడే ఉండడు, కాబట్టి ఫ్యూరీకి మీద వాలడానికి మనిషే దొరకడు. మార్సియానో పద్ధతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఛాతీకి ఛాతీ ఆనించి పనిచేసేవాడు, ఫ్యూరీకి కావలసిందే అది.

గంటమోగింది:
ఈ చర్చల్లో "ఫలానావాడు ఫలానావాణ్ని కొట్టాడు కాబట్టి" అనే తర్కం గురించి కూడా ఒకమాట. ఫ్రేజియర్ 1971లో అలీని ఓడించాడు. నార్టన్ 1973లో అలీ దవడ విరిచి గెలిచాడు. ఫోర్‌మన్ ఆ ఇద్దరినీ రెండేసి రౌండ్లలో ముగించాడు: 1973 జనవరిలో కింగ్‌స్టన్, 1974 మార్చిలో కరాకస్. 1974 అక్టోబర్ 30న కిన్షాసాలో ఆ ఫోర్‌మన్‌ని అలీ ఎనిమిదో రౌండ్‌లో నాకౌట్ చేశాడు. గొలుసు కట్టి లెక్క తేల్చడం ఇక్కడే తెగిపోతుంది.

1969లో అలీ, మార్సియానోల కంప్యూటర్ పోటీ కూడా ఇలాగే చెడింది. వేగం, బలం, ఓర్పు అంటూ ఒక్కో గుణానికి నిపుణులు అంకెలు ఇచ్చారు, యంత్రం కూడింది. ఇద్దరినీ రింగ్‌లోకి దింపి చిన్న చిన్న రౌండ్లు, రకరకాల ముగింపులు చిత్రీకరించారు. 1970 జనవరి 20న అమెరికా థియేటర్లలో వేసినప్పుడు పదమూడో రౌండ్‌లో మార్సియానో నాకౌట్ గెలుపు చూపించారు. అప్పటికే ఆయన విమాన ప్రమాదంలో పోయి అయిదు నెలలు కావస్తోంది. "వేగం 9, బలం 8" అని వేస్తే ఎవరి హుక్ ఎవరి అలవాటు మీద పడుతుందో ఆ అంకెల్లో ఎక్కడుంది?

పాతరీళ్లు:
అందుకే రీళ్లు చూడాలంటాను. కానీ చూసే పద్ధతి ఉంది. మూగ చిత్రాల కాలపు రీళ్లని ఎక్కువ ఫ్రేముల వేగంతో తిప్పితే డెంప్సీ ఉన్నదానికంటే వేగంగా, కుదుపులతో కనిపిస్తాడు. ముందు ఒక రౌండ్ గడియారంతో కొలవండి, మూడు నిమిషాల కంటే ముందే అయిపోతే, మధ్యలో కత్తిరింపులు లేకపోతే, ఆ నిష్పత్తిలో వేగం తగ్గించి చూడండి. హైలైట్లు వద్దు, అయిదు నుంచి ఎనిమిది రౌండ్లు పూర్తిగా, కామెంటరీ ఆపేసి చూడండి. చెయ్యి వెళ్లేటప్పుడు కాదు, తిరిగొచ్చేటప్పుడు గమనించండి.

జర్మన్ బాక్సర్ ష్మెలింగ్ చేసింది ఇదే. జో లూయిస్ జాబ్ వేశాక ఎడమచెయ్యి భుజం దాకా రాకుండా కిందికి జారుతుందని గమనించి, 1936 జూన్ 19న ఆ సందులోంచి రైట్ మీద రైట్ వేసి పన్నెండో రౌండ్‌లో నాకౌట్ చేశాడు. 1938లో లూయిస్ 124 సెకన్లలో బదులు తీర్చుకున్నాడు, నిజమే. కానీ ఆ సందు పూర్తిగా మూసుకుపోలేదు, 1947 డిసెంబర్‌లో వాల్కాట్ కూడా రైట్‌లతోనే రెండుసార్లు పడగొట్టాడు. లూయిస్, అలీ పోటీ ఊహించేవాళ్లు ఈ లోపం దగ్గర మొదలుపెట్టాలి. లూయిస్ చేతుల్లాంటి చేతులు హెవీవెయిట్‌లో మరొకరికి లేవు, ఆరంగుళాల దూరంలో నాకౌట్ చేయగలడు. కాళ్లు మాత్రం నెమ్మది, కాన్ వెనక పన్నెండు రౌండ్లు తిరిగాడు. అలీ కాన్ కంటే నలభై పౌండ్లు ఎక్కువ, వేగం తక్కువేమీ కాదు.

నీలిమూల:
హోమ్స్, లెనాక్స్ లూయిస్ జోడీ కూడా ఈ పద్ధతిలో చూస్తే బాగా తేలుతుంది. ఇద్దరి లోపమూ ఒకటే, పైనుంచి వచ్చే రైట్. హోమ్స్‌ని 1979లో షేవర్స్, 1981లో స్నైప్స్ ఇద్దరూ ఏడో రౌండ్‌లోనే పడగొట్టారు, రెండుసార్లూ లేచి గెలిచాడు. లెనాక్స్ 1994లో మెకాల్, 2001లో రహ్మాన్ చేతిలో ఒక్కో రైట్‌కి పోయాడు. లేచినవాడు ఒకడు, లేవలేనివాడు ఒకడు అని చాలామంది ఇక్కడే హోమ్స్‌కి ఓటేస్తారు. కానీ లెనాక్స్ రైట్ వెనక నలభై పౌండ్ల దాకా అదనపు బరువు ఉంది, రీచ్ 84, హోమ్స్‌ది 81. హోమ్స్ అంతకుముందు తనకంటే పొడవైన జాబ్‌ని పెద్దగా ఎదుర్కోలేదు. 12 రౌండ్లయితే స్టీవర్డ్ శిక్షణలోని లెనాక్స్, 15 అయితే హోమ్స్.

ఎడమజాబ్:
ఫోర్‌మన్ 1973, టైసన్ 1988 గురించి ఎవరూ మాట్లాడలేదు. ఫ్రేజియర్‌ని ఆరుసార్లు పడగొట్టాడు కాబట్టి టైసన్‌నీ అంతే అంటారు. ఫ్రేజియర్ తల ఊపేది ఒకే లయలో, వచ్చేది నేరుగా, నమ్ముకున్నది లెఫ్ట్ హుక్. ఫోర్‌మన్ రెండు చేతులతో భుజాలు తోసి, దూరం చేసుకుని, పైకి లేచే తలకి అప్పర్‌కట్ వేశాడు. అలా తోయడం ఫౌలే, ఎవరూ పాయింట్ కోయలేదు. టైసన్ అడుగు పక్కకేసి కోణం మార్చి వస్తాడు, రెండు చేతులూ సమానం. తోయడానికి ఫోర్‌మన్ చేతులు చాచిన క్షణంలో పక్కటెముకలు ఖాళీగా ఉంటాయి. 1976లో రాన్ లైల్ నాలుగో రౌండ్‌లో ఫోర్‌మన్‌ని రెండుసార్లు పడగొట్టాడు, ఆ అవకాశం టైసన్‌కీ ఉంది. మూడు రౌండ్లలోపు ఎవరో ఒకరు లేవరు. నేను అరవై శాతం ఫోర్‌మన్ వైపే, ఎందుకంటే టైసన్ వెనక్కి అడుగేస్తే అతనికి పంచే లేదు, ఫోర్‌మన్ ఎవరినైనా వెనక్కి నెట్టగలడు.

పదిహేనోరౌండ్:
మొదటి ప్రశ్నకి మనం పెట్టుకున్న షరతుల మీద నా తీర్పు రాస్తున్నాను. మెడ పట్టనివ్వని రిఫరీ కాబట్టి మొదటి, మూడో రౌండ్లు టైసన్‌వి, మూడో రౌండ్‌లో హుక్‌తో ఒక నాక్‌డౌన్ కూడా ఇస్తాను. కూపర్ చేతిలో పడ్డప్పుడు అలీని గంట ఆదుకుంది. ఇక్కడ గంట లేకపోతే లేచాక ఇరవై సెకన్లు కాళ్ల మీదే నెట్టుకురావాలి, 1966 కాళ్లు కాబట్టి నెట్టుకొస్తాడు. అయిదో రౌండ్ నుంచి టైసన్ వరస పంచ్‌లు తగ్గుతాయి, జాబ్ పడటం మొదలవుతుంది, ఎడమ కన్ను వాస్తుంది. పదకొండు పన్నెండు రౌండ్ల మధ్య రిఫరీ ఆపేస్తాడు.

పాతరీళ్లు:
నాక్‌డౌన్ ఇచ్చి కూడా నాకౌట్ ఇవ్వకపోవడం నాకు నచ్చలేదు. కూపర్ 185 పౌండ్లవాడు, ఒక్క హుక్ వేసి ఆగాడు. 218 పౌండ్ల టైసన్ పడి లేచినవాడి మీద ఎలా పడతాడో తెలియాలంటే 1986 నవంబర్ బెర్బిక్ పోటీ రెండో రౌండ్ చూడండి. నా తీర్పు టైసన్, మూడో రౌండ్. రిఫరీ టోనీ పెరెజ్ అయితే మాత్రం అలీ, పాయింట్ల మీద.